తుప్పు దిగని నీళ్లు

కమలాపురం దాటి లోపలికి పోతే తంగేడుమిట్ట అని ఒక ఊరుంది. ఎవరి పంచె చూసినా, ఎవరి చీర అంచు చూసినా ఆ మనిషిది ఆ ఊరేనని ఇట్టే చెప్పేయొచ్చు. తెల్లబట్ట అక్కడ తెల్లగా బతకదు. బోరు నీళ్లలో ఇనుము అంతుంది మరి. పైకి వచ్చేటప్పుడు నీళ్లు తేటగానే ఉంటాయి, చూసినవాడు మోసపోవాల్సిందే. గాలి తగిలి కాసేపు నిలిచాయంటే పసుపు తిరుగుతాయి, ఆపైన ఎర్రబడతాయి, తెల్లారేసరికి బిందె అడుగున తుప్పు మడ్డి కట్టి కూర్చుంటుంది. ఆ నీళ్లు తేరకముందే తొందరపడి చాయ్ కాస్తే సిరా అయిపోతుంది. అలాంటి చాయ్ ఇచ్చినందుకు పెళ్లి సంబంధాలు చెడిపోయాయని కూడా చెప్పుకుంటారు. సంబంధాల సంగతి దేవుడికెరుక గానీ, చాయ్ నల్లబడేది మాత్రం నిజం.

ఆ ఊరికి మహాదేవమ్మ తన పొలంలోని బోరు ఇచ్చేసింది. ఆమె భర్త నరసింహ బతికున్న రోజుల్లో "ఊరికి మంచి నీళ్లు తాపాల మే" అని తరచూ అనేవాడు. ఆయన పోయాక ఆ మాట ఆమెను నిద్ర పోనివ్వలేదు. పంచాయతీ వాళ్లు ఆ బోరు దగ్గరే ప్లాంటు కట్టారు. ప్లాంటంటే పెద్ద యంత్రాలేమీ లేవు. బోరు నీళ్లు సిమెంటు మెట్ల మీద దూకుతూ దిగుతాయి, ఆ దూకుడులో గాలి కలుస్తుంది. కింద పెద్ద తొట్టిలో ఒక రాత్రి నిలుస్తాయి. ఇనుమంతా తుప్పయి అడుక్కు దిగిపోతుంది, మిగిలిన నలుసులను పక్కనున్న ఇసుక తొట్టి పట్టేస్తుంది. కొళాయిలో వచ్చేవి మంచి నీళ్లు.

ప్లాంటు చూసుకునేది రబ్బానీ. నలభై దాటిన మనిషి, మాట తక్కువ, పని ఎక్కువ. పొద్దున్నే కొళాయి దగ్గర నిలబడి ఎవరి బిందె వాళ్లకు తనే పట్టి, తనే ఎత్తి ఆడవాళ్ల నడుముకు అందించేవాడు. ఊరంతా అతని చేతి నీళ్లు తాగింది. మహాదేవమ్మ ఒక్కతే తాగలేదు. మరోలా అనుకోకండి, అందులో హెచ్చుతగ్గుల మాటేమీ లేదు. బోరు నీళ్లు మట్టికాగులో పట్టి, రాత్రంతా కదిలించకుండా ఉంచి, పొద్దున పై తేటను వంచుకోవడం ఆమె అత్తగారు నేర్పిన పద్ధతి. ప్లాంటు చేసే పనే కాగూ చేస్తుంది, మళ్లీ కొళాయి దగ్గర నిలబడేదెందుకని ఆమె వాదం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి, ఆమెతో ఎవరు వాదిస్తారు.

పోయిన ఎండాకాలం చివర ఒక గాలివాన వచ్చి ఆమె పొలం గట్టు మీది నేరేడు చెట్టును కూకటివేళ్లతో పెరికేసింది. నరసింహ పెళ్లైన కొత్తలో నాటిన చెట్టు అది. మధ్యాహ్నం పూట ఆ నీడలోనే కూర్చుని సద్ది తినేవాడు, పండ్ల కాలంలో నాలుక ఊదాగా చేసుకుని ఇంటికొచ్చి చిన్నపిల్లవాడిలా చూపించేవాడు. మహాదేవమ్మ పడిపోయిన చెట్టు పక్కన కూలబడి ఏడ్చింది. ఆయన పోయినప్పుడు వచ్చేపోయే చుట్టాల మధ్య తనివితీరా ఏడవడానికి కూడా కుదరలేదు. ఆ ఏడుపంతా ఇప్పుడొచ్చింది.

పక్క పొలం బొజ్జన్న ఓదార్చడానికి వచ్చాడు. "ఏడ్వద్దులేక్కా. నేరేడు శానా మంచి మాను. మా నాయన బాయి తవ్విచ్చినపుడు అడుగున నేరేడు దుంగలే ఏసినాడు. ఆ నీళ్లు తాగినోళ్లు ఇంగో నీళ్లు తాగలేదు," అన్నాడు.

అది అబద్ధం కాదు. సీమలో పాత బావుల అడుగున నేరేడు చట్రం వేయడం తాతల నాటి పద్ధతి. నేరేడు నీళ్లలో కుళ్లదు, నీళ్లనూ కుళ్లనివ్వదని నమ్మకం. ఆ మాట మహాదేవమ్మ మనసులో పడింది, ఇక ఆమెను ఆపేవాళ్లెవరు? మర్నాడే మనుషులను పిలిచి మానులోంచి ఒక మొద్దు కోయించింది. ఆయన చెయ్యి తగిలిన బెరడు అని బెరడు కూడా చెక్కనివ్వలేదు. మొద్దుకు రాయి కట్టి, మోకు వేసి, ప్లాంటు పెద్ద తొట్టిలోకి దించారు. మోకు ఒక కొస రబ్బానీ పట్టుకున్నాడు. రెండో కొస ఎంతమంది అడిగినా ఇవ్వకుండా ఆమే పట్టుకుంది.

"ఇంగ ఊర్లో ప్రతి గొంతులోకీ ఆయప్ప సల్లగా దిగుతాడు రబ్బానీ," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"దిగుతాడులేక్కా," అన్నాడు రబ్బానీ. అతని కళ్లు కూడా తడిగానే ఉన్నాయి. కష్టకాలంలో అతనికి తన పొలంలో పని ఇచ్చి ఆదుకున్నవాడు నరసింహే.

కొన్నాళ్లు ఎవరికీ ఏమీ తెలియలేదు. తర్వాత నీళ్లు రంగు మారాయి. వాళ్లకు తెలిసిన పసుపు కాదు, ఎరుపు కాదు, పలచటి డికాషను రంగు. తర్వాత ఇంకా నల్లబడ్డాయి. అన్నం వండితే బూడిద రంగులో ఉడికింది. గుక్క తాగితే నాలుక మీద వగరు నిలిచిపోయింది. రబ్బానీ ఇసుకంతా ఎత్తి కడిగాడు. అది చాలదని పెన్న ఇసుక కొత్తది తెప్పించి పోశాడు. మెట్ల మీది పాచి మోకాళ్ల మీద కూర్చుని గీకాడు. నీళ్లు మాత్రం అతని కష్టాన్ని లెక్కచేయలేదు.

ఊరి నోరు ఊరికే ఉంటుందా? ఇసుక కడగకుండా తిరుగుతున్నాడని మొదట అన్నారు. బోరు మోటారులో నూనె పోశాడని తర్వాత అన్నారు. చివరికి, "యాడ ఏం కలుపుతాండాడో మనం చూడొచ్చినామా" అనే మాట పుట్టింది. ఆ మాట మొదట అన్నదెవరో అడిగితే ఎవరూ ఒప్పుకోరు. ఇన్నేళ్లూ అతను ఎత్తిన బిందెలను నడుముకు పెట్టుకున్న ఆడవాళ్లే ఇప్పుడు బిందె అతని చేతికివ్వకుండా తామే కొళాయి కింద పెట్టుకోవడం మొదలుపెట్టారు. రబ్బానీ పక్కకు జరిగి నిలబడేవాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లుంగీకి తుడుచుకునేవాడు. అది చూస్తే మహాదేవమ్మకు కడుపు మండేది. ఒకరిద్దరిని దులిపేసింది కూడా.

కడప నుంచి నీళ్లు పరీక్ష చేసే అమ్మాయి, సుప్రజ అని, ఒకసారి వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోయింది. మళ్లీ వచ్చినప్పుడు మహాదేవమ్మ కూడా ప్లాంటు దగ్గరే ఉంది.

"ఇనుము ఎప్పుడూ ఉండేంతే ఉంది, ఏమీ పెరగలేదు," అంది సుప్రజ. "కానీ తుప్పుగా మారి అడుక్కు దిగడం లేదు. ఆకో, బెరడో, కాయో, అలాంటి వాటి సారం నీళ్లలో కలిస్తే అది ఇనుమును పట్టేసుకుంటుంది. ఆ పట్టు ఉన్నంతవరకు మీరు ఎన్ని మెట్ల మీద దూకించినా లాభం లేదు. ఇసుకకూ చిక్కదు, నేరుగా కొళాయిలోకి వచ్చేస్తుంది. తొట్టిలో ఏమైనా పడుతున్నాయా?"

రబ్బానీ తొట్టి మూత వైపు చూశాడు. తర్వాత మహాదేవమ్మ వైపు చూశాడు. "చూసి చెప్తా మేడమ్," అన్నాడు. ఆ అమ్మాయి ఇంకో ఊరికి పోయే తొందరలో ఉంది, త్వరగా చూడమని చెప్పి వెళ్లిపోయింది.

మహాదేవమ్మకు మాత్రం సందేహమే లేదు. ప్లాంటు పక్కన వేపచెట్టుంది కదా, ఆకు దానిదే. అప్పటికప్పుడే మనిషిని పిలిచి కొమ్మలన్నీ కొట్టించేసింది. పాపం, ఆ వేపచెట్టు ఎవరి జోలికీ పోలేదు. వరసలో నిలబడే ఆడవాళ్లకు ఉన్న ఒక్క నీడా పోయింది, నీళ్లు మాత్రం మారలేదు.

ఆ సాయంత్రం రబ్బానీ ఆమె ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాకుండా గడప అవతలే నిలబడ్డాడు.

"అక్కా, తప్పుగా అనుకోవద్దు. ఆ మొద్దు కొన్నాళ్లు బయటికి తీసి చూద్దామా?"

"ఏ మొద్దు?" అంది ఆమె, తెలిసి కూడా.

"ఆ మేడమ్ బెరడు అనె కదక్కా. మన మొద్దు బెరడుతోనే ఉండాది."

మహాదేవమ్మకు ఒళ్లంతా మంట పుట్టింది. "అంటే మా ఆయప్ప చెట్టు ఊరి నీళ్లు చెరిపిందంటాండావు. నీ చేతగాక, చచ్చిపోయినాయన నెత్తిన రుద్దుతావా? తాతల కాలం నుంచి బాయిల్లో ఏస్తాండారు. యా బాయి నల్లబడింది, చెప్పు."

బావులు నల్లబడలేదన్న మాట నిజమే. రబ్బానీ తలవంచుకుని, "సరేలేక్కా," అని వెళ్లిపోయాడు. అతని వీపు చూస్తూ ఉంటే ఆమెకు కోపం ఇంకా పెరిగింది. గట్టిగా ఎదురు మాట్లాడి ఉంటే బాగుండేది. అలా తలవంచుకుని పోతే తననే తప్పుపట్టినట్టు ఉంది.

ఆ పంతంతోనే కొట్టంలో దాచుకున్న నేరేడు ముక్కల్లోంచి బెరడున్న చెక్క పెద్దది చూసి తెచ్చి, అప్పుడే నింపిన కాగులో వేసింది. 'చూద్దాం, ఎట్ల చెడతాయో. ఈ నీళ్లు నేనే తాగి చూపిస్తా' అనుకుంది.

పొద్దున పొయ్యి వెలిగిస్తుండగానే బొజ్జన్న వచ్చాడు. ఆమె వంటింటి చీకట్లోనే కాగులోంచి పై నీళ్లు ముంచి చాయ్‌కి పెట్టింది.

"రేపు పొద్దున ప్లాంటు కాడ అందరం కూర్చుంటాండామక్కా," అన్నాడు బొజ్జన్న తిన్నె మీద కూర్చుని. "రబ్బానీని తీసేసి ఇంగొకన్ని పెడదామని సర్పంచి శ్రీనివాసులు అంటాండాడు. బోరిచ్చినదానివి, నువ్వు గూడా ఒక మాట చెప్పాల."

"ఏం చేసినాడప్పా ఆ మనిషి?"

"ఏమో, మనకేం తెల్సు. నిప్పులేనిదే పొగ రాదు కదక్కా."

చెట్టు పడిన రోజు ఇదే నోటితో నేరేడును పొగిడాడు, మొద్దు దించిన రోజు రబ్బానీ భుజం తట్టాడు. ఆమెకు ఆ సంగతి గుర్తొచ్చింది. పాలు కలిపి చాయ్ గ్లాసులో పోసి ఇచ్చింది.

బొజ్జన్న గ్లాసును వెలుతురుకు పట్టి చూశాడు. "ఇదేందక్కా, పాలు పోసినా ఇట్ల నల్లగుండాది? ఆకు ఎక్కువేసినట్లుండావు." మర్యాదకు ఒక గుక్క తాగి, ముఖం వంకర పెట్టుకుని, మిగతాది పెరట్లో ఎవరూ చూడలేదనుకుని పారబోసి వెళ్లాడు.

మహాదేవమ్మ చూసింది. వంటింట్లోకి వెళ్లి, కాగును రెండు చేతులా ఎత్తి పెరటి వెలుతురులోకి తెచ్చి, స్టీలు పళ్లెంలోకి నెమ్మదిగా వంచింది. ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచి ఏ పొద్దున వంచినా చివరికి ఎర్ర మడ్డి వచ్చేది. ఈరోజు రాలేదు. మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా అదే నల్లటి నీళ్లు, చివర్లో చెక్క ముక్క జారి పళ్లెంలో పడింది.

ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఈ కాగులో రబ్బానీ చెయ్యి పడలేదు. ఇందులో ఇసుక లేదు, మెట్లు లేవు, మోటారు లేదు. నీళ్లూ నేరేడూ తప్ప ఇంకేమీ లేవు.

పచ్చి అరటికాయ కోస్తే కత్తి నల్లబడటం ఆమెకు తెలియని విషయమా? వగరూ ఇనుమూ కలిస్తే నలుపేనని అత్తగారు ఎన్నిసార్లు చెప్పలేదు? అందుకే అరటికాయ కోసిన వెంటనే కత్తి తుడిచి పెట్టమనేది. ఇన్నేళ్లు వంటింట్లో చేతులతో ఎరిగిన సంగతిని తొట్టి దగ్గర ఎలా మర్చిపోయానా అని ఆమె తల పట్టుకుంది. బొజ్జన్న నాయన బావిలో నీళ్లు నల్లబడలేదంటే ఎందుకు నల్లబడతాయి? ఊరవతల ఉన్న ఆ బావిలో ఇనుమే లేదు, ఎండిపోయే దాకా దాని నీళ్లతో ఉతికిన బట్టలు మల్లెపూలలా ఉండేవి. తాతల మాట తప్పు కాదు. నేరేడూ తప్పు కాదు. ఈ నీళ్లు ఆ నీళ్లు కావు, అంతే.

తెలిసింది సరే, ఇప్పుడు చేసేదేమిటి? నరసింహ చెట్టు నీళ్లు చెరిపిందని ఊరి ముందు చెప్పడమంటే ఆయనను మళ్లీ పోగొట్టుకున్నంత బాధగా ఉంది ఆమెకు. చెప్పకుండా కూడా ఉండొచ్చు. రేపు రబ్బానీని తీసేస్తారు, ఎల్లుండి తనే మనుషులను పెట్టి మొద్దు తీయించేస్తే ఎవరూ ఏమీ అడగరు. నీళ్లు తేటపడతాయి. కానీ కొత్తవాడు వచ్చాకే నీళ్లు బాగుపడ్డాయంటే, ఏదో కలిపింది రబ్బానీయేనని ఊరు ఖాయం చేసుకుంటుంది. ఆ మచ్చ ఇక ఈ జన్మకు పోదు. ఊరికి మంచి నీళ్లు తాపాలని కోరుకున్న మనిషి పేరు మీద ఇంత పాపమా? ఆ ఆలోచనకే ఆమెకు తన మీద తనకు అసహ్యం వేసింది.

మళ్లీ కాగు నింపింది. ఆ చెక్క ముక్కనే మళ్లీ అందులో వేసింది.

మర్నాడు పొద్దున ఆ కాగును నడుముకు పెట్టుకుని ప్లాంటు దగ్గరికి వచ్చింది. అప్పటికే అందరూ చేరారు. కొమ్మలు లేని వేపచెట్టు కింద ఎండలోనే నిలబడ్డారు. రబ్బానీ కొళాయి పక్కన ఒంటరిగా, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. శ్రీనివాసులు గొంతు సవరించుకునే లోపే ఆమె కాగును మెట్టు మీద దించి, ఒక పళ్లెంలోకి నీళ్లు వంచింది.

"ఇవి ప్లాంటు నీళ్లు కావు. మా ఇంటి కాగులోవి. రబ్బానీ వీటిని చూసింది గూడా లేదు," అంది. చెక్క ముక్క బయటికి తీసి అందరికీ కనిపించేలా పట్టుకుంది. "ఇది మా ఆయప్ప నాటిన చెట్టు చెక్క. దీన్ని ఏసినాక నా కాగులో తుప్పు దిగలేదు, నీళ్లు నల్లబడినాయి. తొట్టిలో గూడా ఇదే ఉండాది. ఏయిచ్చింది నేను. నీళ్లు చెరిపింది నేను."

ముందుగా తేరుకున్నవాడు బొజ్జన్నే. "నేను అప్పుడే అనుకున్యాక్కా, పచ్చి మొద్దు కదా అని," అన్నాడు.

"అనుకున్నోనివి నిన్న మా ఇంట్లో చాయ్ పెరట్లో పోసి ఎందుకు పోతివి బొజ్జన్నా? ఆ చాయ్‌లో ఏం కలిసిందో అడగొచ్చు కదా?"

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. శ్రీనివాసులు రబ్బానీ వైపు తిరిగాడు. "నీకు తెల్సునా ఈ సంగతి?"

రబ్బానీ వంగి కొళాయి బిగించడం మొదలుపెట్టాడు.

"తెల్సు," అంది మహాదేవమ్మ. "నా గడప కాడికొచ్చి, మొద్దు తీద్దామా అని అడిగినాడు. నేనే నోటికొచ్చినట్లు తిట్టి పంపిచ్చినా. మీరు ఇన్నాళ్లూ అన్న మాటలన్నీ నన్ను అనాల్సినవి. ఇప్పుడనండి."

ఎవరంటారు? కొందరు తలలు దించుకున్నారు, ఒకరిద్దరు పని ఉందని జారుకున్నారు. ఆమె చీర కొంగు దోపి, రబ్బానీని మోకు తెమ్మంది. ఈసారి కూడా ఒక కొస ఆమే పట్టుకుంది. మొద్దు పైకి వచ్చినప్పుడు కాటుక రంగులో ఉంది. ఆమె దాని బెరడు మీద చెయ్యి వేసింది, చెయ్యి నల్లగా అయింది. అప్పుడు ఏడుపు ఆగలేదు. ఎవరేమనుకున్నా సరేనని గట్టిగానే ఏడ్చింది. ఆ మొద్దును కొళాయి పక్కన, బిందెలతో వచ్చేవాళ్లు కూర్చునేందుకు వేయించింది.

తొట్టి ఖాళీ చేసి కడిగారు, ఇసుక మళ్లీ మార్చారు, బోరు నీళ్లు మళ్లీ పట్టారు. మహాదేవమ్మకు ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. నీళ్లు మారకపోతే? తన మాటే తప్పయితే, ఆ మనిషిని ఎవరు కాపాడతారు?

పొద్దు పొడుస్తుండగా గేటు చప్పుడైంది. రబ్బానీ గాజుగ్లాసు ఒకటి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. తొట్టి అడుగు నుంచి తెచ్చినట్టున్నాడు. పైన నీళ్లు తేటగా ఉన్నాయి, కింద ఎర్రగా మడ్డి.

"అక్కా, తుప్పు దిగింది," అన్నాడు.

జీవితమంతా ఆమె ఆ ఎరుపును తిట్టింది. చింతపండుతో తోమింది, చీరల మీద చూసి ఏడ్చింది. ఇప్పుడు ఆ ఎరుపునే వంగి కళ్లారా చూసుకుంది. అప్పుడు అడిగింది, "ఊరి ముందర నువ్వే చెప్పింటే పోతాండె కదప్పా. అన్ని మాటలు ఎందుకు పడితివి?"

రబ్బానీ గ్లాసు వైపే చూస్తూ అన్నాడు. "ఆ పొద్దు మోకు ఒక కొస నువ్వు పట్టుకుంటివి, ఒక కొస నేను పట్టుకుంటి. నేనొకన్నే ఎట్ల ఇడిసేదక్కా?"

ఆమె అతని చేతిలోంచి గ్లాసు తీసుకుంది. అడుగున మడ్డి కదలకుండా నెమ్మదిగా వంచుకుని, పైనున్న తేట నీళ్లు తాగింది. కొంగుతో మూతి తుడుచుకుని గ్లాసు తిరిగి ఇచ్చింది.

"రేపట్నుంచి నాక్కూడా ఒక బిందె పట్టి పెట్టప్పా," అంది.